నల్లబల్లవైపు తిరిగిన మొగము

బడి అందఱిదని మనము చెప్పుకొనుట క్రొత్త గాదు. మా ఆలమూరునకు ఎగువను, గోదావరి యొడ్డుననే యున్న ధవళేశ్వరమున 1874లో కందుకూరి వీరేశలింగముగారు బాలికలకు పాఠశాల పెట్టిరి. ఆడపిల్లకు అక్షరమేల యని నాడు గేలిచేసినవారి వంశమునందలి స్త్రీలే నేడు బడులలో ఉపాధ్యాయినులై యున్నారు. పిమ్మట కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులుగా నున్న రఘుపతి వేంకటరత్నమునాయుడుగారు ఆడపిల్లలకును, అంటరానివారని త్రోసివేయబడిన కులముల బాలురకును చదువు అందించుటకై పాటుపడిరి. ఈ కథలు చెప్పి మేము తరగతిలో ఎన్నిమాఱులు గర్వించితిమో లెక్కలేదు. అట్లు గర్వించుచున్న దినములలోనే మా కన్నులయెదుట ఒక బాలుడు బడిలో నుండియు బడికి వెలియై పోయెను.

ఇది 1996 నాటి మాట. మేము ఆలమూరున కాపురముండి, చేరువనున్న యొక పల్లెబడిలో నాలవ తరగతికి తెలుగు చెప్పుచుంటిమి. ఆ బాలుడు చివరి వరుసలో గోడకానుకొని కూర్చుండెడివాడు. పిలిచిన పలుకడు. నవ్వవలసినచోట నవ్వడు, ప్రక్కవాడు నవ్వినపిమ్మట నవ్వును. ఉక్తలేఖనమున “మాట” యనిన “బాట” యని వ్రాసెను. “పాట” యనిన “మాట” యని వ్రాసెను. పరధ్యానమని కోపించి బల్లపై నిలువబెట్టితిమి. “మొద్దు” అను బిరుదము మేమే యిచ్చితిమి; పిల్లలు దానిని పేరుగా స్థిరపఱచిరి.

ఒకనాడు తల్లి వచ్చి, గుమ్మము దాటక నిలిచి, “మావాడు మొద్దు కాదండి మాస్టారూ. రాత్రి దీపంకాడ ఎదురుగా కూర్చోబెట్టి చెబితే అన్నీ చెబుతాడండి” అనెను. దీపము, ఎదురు: మాకు తెలియవలసినదంతయు ఆ రెండు మాటలలోనే యుండెను. తల్లులందఱును ఇట్లే యందురని మేము లోలోన నవ్వుకొంటిమి. సంక్రాంతి వెళ్లినపిమ్మట ఆ బాలుడు బడికి రాలేదు. కొబ్బరి ఒలుపునకు పోయెను.

చాల యేండ్లకు గాని మాకు సంగతి తెలియలేదు. వినికిడి తగ్గినవారు పెదవులను చూచి మాటను పట్టుదురు. చదువరులు అద్దము ముందు నిలిచి పాట, బాట, మాట యని చప్పుడు లేకుండ పలికి చూతురుగాక. మూడింటికిని పెదవులు ఒక్క విధముగానే కలిసి విడిపోవును. భేదమంతయు గొంతుకలోను ముక్కులోను నున్నది, కంటికి కానరాదు. ఆ బాలుడు తప్పు వ్రాయలేదు, తాను చూచినది వ్రాసెను. అదియు మేము వానివైపు తిరిగినప్పుడు మాత్రమే. నల్లబల్లకేసి తిరిగి వ్రాయుచు చెప్పినదంతయు వానికి మౌనమే. కిటికీకి వెన్నిచ్చి నిలిచితిమా, వెలుతురు వెనుకనుండి వచ్చి మా మొగము నీడయై పోవును. శ్రావణమున రేకుల కప్పుపై వాన పడినచో మంచి చెవులవారికే వినబడదు, ఇక వాని సంగతి చెప్పనేల! మా గుబురు మీసములు సైతము వాని చదువున కడ్డమై యుండును. పెదవులు చూచుటయే చాలునని మేము చెప్పము. బొత్తిగా వినలేని పిల్లలకు సైగల భాష కావలెను. కాని మేము ఆ పాటియు చేయలేదు.

చట్టములకు కొదువ లేదు. ఆ బాలుడు బడి విడుచునాటికే 1995 నాటి వికలాంగుల చట్టము అమలులోనికి వచ్చియుండెను. దాని ప్రతి మాకెవరు నీయలేదు, మేమును అడుగలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్లవఱకు బడిని హక్కు చేసెను. 2016 నాటి చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, పరీక్షలలో అదనపు సమయమును గూడ చెప్పినది. బడులకు వాలుదారులు వచ్చుచున్నవి. మంచిదే, చక్రముల కుర్చీలోని పిల్లకు గుమ్మము దాటుటయే మొదటి పాఠము. అయితే సిమెంటుతో కట్టగలిగినది త్వరగా కట్టబడును, దానియెదుట ఫొటోయు దిగవచ్చును. ఉపాధ్యాయుడు పిల్లలవైపు తిరిగి నిలుచుటకు ప్రారంభోత్సవము లేదు.

ఒక్కనికొఱకు నలువదిమందిని ఆపవలెనా యని అడుగువారు కలరు. మేమును అడిగినవారమే. క్రొత్తమాటలను ముందుగా బల్లపై వ్రాసి, పిమ్మట ఇటు తిరిగి చెప్పినచో ఆ నలువదిమందిలో ఎవరికి నష్టము?

ఈ మధ్య మా యింటికి వచ్చిన యొక పంతులమ్మ, తన తరగతిలో చెవియంత్రము పెట్టుకొన్న బాలిక కలదనియు, ఏమి చేయవలెననియు అడిగెను. “మీరు ఎక్కడ నిలబడి చెబుతారమ్మా?” అంటిమి. “కిటికీ దగ్గరండి, గాలి వస్తుందని.” మఱునాడు మేమే వెళ్లి, ఆమె మేజాను ఒకవైపు పట్టుకొని ఎదుటిగోడకు జరిపితిమి. ముందు వరుసలోని బాలిక, మేమేదో చెప్పబోవుచున్నామని తలచి, మా పెదవులకేసి చూచెను. ఏమి చెప్పవలెనో తోచక, నీ పేరేమమ్మా యని అడిగితిమి.