పాత ఉక్కు ఫ్రేమే కావాలన్నాం



ఈ మధ్య ఏ ఊరి కూటానికి వెళ్లినా, ప్రసంగం అయ్యాక చెట్టుకింద మా సైకిలు చుట్టూ నలుగురు చేరుతున్నారు. "అయ్యగారూ, ఆ అబ్బాయి బరువు లేని ఖరీదైన సైకిలు ఇస్తానంటే మీరు కాదని ఈ పాతది అడిగి తెచ్చుకున్నారంట గదా?" అంటున్నారు. అవును, అట్లాగే జరిగింది. కొందరు దీన్ని మా తగ్గింపు జీవితానికి గుర్తని పొగుడుతున్నారు కూడా. ఆ పొగడ్త మాకు చెందదు. మా పనికి ఏది వస్తుందో చూసుకుని అడిగాం, అంతే. ఆ లెక్క ఏమిటో రాద్దామని కూర్చున్నాం.

మాది మార్కాపురం వైపు పల్లె. మేం పరిచర్య చేసే మూడు సంఘాల్లో ఒకటి మేమున్న ఊళ్లోనే ఉంది. రెండోది తొమ్మిది కిలోమీటర్లు, మూడోది పద్నాలుగు. దారి సగం తారు, సగం కంకర. పలకరాళ్ల లారీలు తిరిగేచోట తారు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇంట్లో మోటారు సైకిలు లేకపోలేదు. అయితే షుగరు బయటపడ్డాక డాక్టరుగారు రోజూ చెమట పట్టి తీరాలన్నారు. నడిచి వెళ్తే సాయంత్రం ప్రార్థన వేళకు చేరలేం. కనుక సైకిలు.

ఆ అబ్బాయి మా సంఘంలోనే పెరిగాడు. ఇంగ్లండులో చదువు ముగించుకుని వచ్చి ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవు దినాల్లో బ్రెవే అని దూరాలు తొక్కుతాడు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో ముగించాలట. పందెం కాదు, ముందు వచ్చినవాడికి బహుమానం ఉండదు, గడువులోపల చేరితే చాలు. అతని దగ్గర రెండు సైకిళ్లున్నాయి. ఒకటి కార్బను ఫ్రేముది, ఎనిమిది కిలోలు. రెండోది చదువుకునే రోజుల్లో అక్కడ పాతబజారులో కొని వెంట తెచ్చుకున్న ఉక్కు ఫ్రేముది, పదిన్నర కిలోలు. సంక్రాంతికి వచ్చేటప్పుడు రెండూ కారుమీద కట్టుకొచ్చాడు. కార్బనుది మాకు ఇవ్వాలని అతని కోరిక. పాతదాన్ని ఊరికే చూపించడానికి తెచ్చాడు.

రెండూ మూడేసి రోజులు తొక్కి చూశాం. కార్బనుది పెడలు మీద కాలు వేయగానే ముందుకు దూకింది. ఎక్కుడు దారిలో దాని సుఖం దానిదే, దాచడమెందుకు? చాలామంది ఉక్కు మెత్తగా పోతుందని, కార్బను, అల్యూమినియం ఎముకలు కదిలిస్తాయని అంటారు. మాకు ఆ తేడా ఫ్రేములో కంటే టైరులోనే కనబడింది. కార్బనుదానికి 25 మిల్లీమీటర్ల సన్న టైర్లు, అంతకు మించితే ఫోర్కు సందులో పట్టవు. ఉక్కుదానికి 32 వేసినా ఇంకా మడ్‌గార్డుకు చోటుంది. కంకర దారి వచ్చేసరికి మొదటిది దిగి నడిపించాం, రెండోది తొక్కుతూనే వెళ్లాం. ఇంకొకటి, కార్బనుదానికి వెనక క్యారేజీ బిగించడానికి రంధ్రాలే లేవు. పాటల పుస్తకాలు, గొడుగు, మందుల సంచి, తిరిగి వచ్చేటప్పుడు ఎవరో ఒకరు ప్రేమతో కట్టిచ్చే సొరకాయ, ఇవన్నీ ఎక్కడ పెట్టాలి? రెండున్నర కిలోలు తగ్గించుకుని ఆ బరువంతా వీపుమీద మోయాలా?

నాలుగో రోజు, పాతదే కావాలని చెప్పాం. అబ్బాయి నవ్వి ఊరుకున్నాడు గాని వాళ్లమ్మ ఊరుకోలేదు. భర్త పోయిన తర్వాత మిరపకోతలకు, పత్తితీతకు వెళ్లి ఆ బిడ్డను చదివించిన తల్లి. వాడి మొదటి జీతం కవరు విప్పకుండా తెచ్చి మందిరంలో బల్లమీద పెట్టిన మనిషి. ఆమె ఇంట్లో పాదుకు కాసిన మొదటి కాయ గాని, ఈనిన గేదె మొదటి పాలు గాని తన ఇంటి పొయ్యి ఎక్కవు.

"అయ్యగారూ, వాడు పక్కన పెట్టేసింది మీకిచ్చి మంచిది వాడుంచుకుంటే దేవుడి ముందు నేను ఏ మొహంతో నిలబడాలి?" అంది.

మా మాట కోసం ఆమె మనసును చిన్నబుచ్చలేం. కుంటిదాన్నీ గుడ్డిదాన్నీ అర్పణగా తేకూడదని మందిరంలో చెప్పిందీ మేమే. "అమ్మా, ఇది కుంటిది కాదు" అన్నాం. "పాతది గదా!" అంది. పాతదానికీ లోపమున్నదానికీ తేడా ఉందని ఎట్లా నచ్చజెప్పడం? ఆమెను కూర్చోబెట్టి ఆ రోజు మేం చెప్పినదే, కొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నాం.

ఆ ఫ్రేము సీటు గొట్టంమీద వెలిసిపోయిన స్టిక్కరు ఒకటుంది, రెనాల్డ్స్ 531 అని. రెనాల్డ్స్ వాళ్లది బర్మింగ్‌హాం. మేకుల తయారీతో మొదలైన కుటుంబం. ఆ రోజుల్లో సైకిలు గొట్టాలతో ఒక చిక్కు ఉండేది. పలచటి గొట్టం తేలికే, కాని అతుకు దగ్గర విరుగుతుంది. అతుకు కోసమని గొట్టమంతా మందంగా చేస్తే బరువు. 1897లో ఆల్ఫ్రెడ్ రెనాల్డ్స్ పేటెంటు తీసుకున్న పద్ధతి ఈ చిక్కు విప్పింది. పైకి గొట్టం లావు ఒకటే. లోపల మాత్రం రెండు చివరలా మందం, మధ్యలో పలచన. చివర ఇంచుమించు 0.9 మిల్లీమీటర్లు ఉంటే మధ్యలో 0.6 ఉంటుంది. మన వాళ్లు చాట అల్లేటప్పుడు అంచుకు రెండో వరస వేసి నడుమ ఒంటివరస ఉంచుతారు, అట్లాంటిది. 531 అనే రకం 1935లో వచ్చింది. మాంగనీసు, మాలిబ్డినం కలిపిన ఉక్కు అది. 1990ల దాకా టూర్ డి ఫ్రాన్స్ లాంటి పెద్ద పందేల్లో ఎక్కువగా నడిచింది ఉక్కు ఫ్రేములే. ఆ తర్వాత అల్యూమినియం, దాని వెనకే కార్బను వచ్చి వాటిని తోసేశాయి. పందేలవాళ్లు బరువు ఎంతవరకు తగ్గించారంటే, సైకిలు 6.8 కిలోలకు తక్కువ ఉండరాదని 2000లో అంతర్జాతీయ సమాఖ్య హద్దు పెట్టాల్సి వచ్చింది. పందెం కట్టేవాళ్లకు ఆ లెక్క న్యాయమే. మాకు పోటీ ఎవరితో? సాయంత్రం ఆరున్నరతో.

అల్యూమినియం బరువు ఉక్కులో మూడోవంతు. సాగకుండా వంగకుండా నిలిచే బిగువు కూడా మూడోవంతే. అందుకే ఆ ఫ్రేముల గొట్టాలు అంత లావుగా ఉంటాయి, లావు పెంచితే బిగువు వస్తుంది కనుక. ఇందులో మోసమేమీ లేదు. మా బెంగ వేరే. ఉక్కుకు ఒక హద్దుంది. ఆ హద్దు లోపల ఎన్ని లక్షల కుదుపులు పడినా అలసిపోదు. అల్యూమినియానికి అట్లాంటి హద్దు లేదు. చిన్న కుదుపు కూడా ఎక్కడో లెక్కలో చేరుతూనే ఉంటుంది. తయారు చేసేవాళ్లు అది ఎరిగి తగినంత గట్టిగానే చేస్తారు. కాని ఎప్పుడైనా చీలితే? అతుకు వేసిన అల్యూమినియాన్ని మళ్లీ కొలిమిలో లెక్క ప్రకారం కాచి ఆరబెడితే గాని పాత బలం రాదు. ఆ కొలిమి మా మండలంలో ఎక్కడుంది?

కార్బను బలహీనమని కొందరంటారు, అది తప్పు మాట. నూలు దారాల్లాంటి కార్బను పోగులను జిగురులో తడిపి పొరలు పొరలుగా పేర్చి గట్టిపరుస్తారు. పోగు వెళ్లిన దిక్కున దాని బలం ఉక్కును మించుతుంది. పక్కనుంచి రాయి దెబ్బ తగిలితే మాత్రం లోపలి పొర విడిపోయినా పైకి రంగు చెక్కుచెదరకుండా ఉండవచ్చు. బాగుచేసేవాళ్లు నగరాల్లో ఉన్నారు. బోల్టు కూడా చేతి అంచనాతో బిగించకూడదు, ఇంత బలమని చూపించే పానా కావాలి. ఉక్కు ఇట్లా కాదు. ఎక్కువసార్లు విరిగే ముందు వంగుతుంది, రంగు పగిలి కింద సన్నగా తుప్పు గీత కనబడుతుంది, లేదా కిర్రుమంటుంది. మనిషికి దిగి చూసుకునే వ్యవధి ఇస్తుంది.

ఇవన్నీ చెప్పి, ఆ తల్లిని వెంటబెట్టుకుని బస్టాండు దగ్గరి సైకిలు మేస్త్రీ దగ్గరికి వెళ్లాం. డెబ్బై దాటిన మనిషి. ఆయన కళ్లజోడు పైకెత్తి గొట్టాలు కలిసే చోట వేలితో తడిమాడు. "ఇది మన నల్ల సైకిలు కుటుంబమే అయ్యగారూ, గొట్టాన్ని తొడుగులో దూర్చి ఇత్తడి పోశారు" అన్నాడు. నిజమే. మన లూథియానా బండ్లకూ ఈ ఇంగ్లీషు బండికీ అతుకు పద్ధతి ఒకటే. ఇత్తడి దాదాపు 900 డిగ్రీల దగ్గర కరిగి సందుల్లోకి పాకుతుంది, ఉక్కు కరగడానికి 1500 కావాలి. గొట్టం కరగకుండానే అతుకు పడుతుంది. "పలచటి గొట్టం, కరెంటు వెల్డింగు పెడితే బొక్క పడుద్ది, దీనికి గ్యాసే" అని ఆయనే హెచ్చరించాడు కూడా.

వెనక రిమ్ము అరిగిపోయి ఉంది. ఇప్పుడు దొరికే చక్రం ఇరుసు 130 మిల్లీమీటర్లు, ఈ ఫ్రేము సందు 126. ఆయన కంగారు పడలేదు. ఒక్కో పక్కన కొంచెం కొంచెంగా వంచి నాలుగు మిల్లీమీటర్లు తెరిచాడు. ఆ తర్వాత ఒక దారం తీసుకుని వెనక ఒక కొస నుంచి ముందు గొట్టం చుట్టూ తిప్పి రెండో కొసకు లాగి కట్టి, నడిమి గొట్టానికి రెండు పక్కలా దూరం స్కేలుతో కొలిచాడు. సమానం వచ్చేదాకా ఊరుకోలేదు. అల్యూమినియానికి గాని కార్బనుకు గాని ఇట్లా చేయకూడదు. ఆ తల్లి నిలబడి అంతా చూసింది. ఇంటికి వచ్చేదాకా ఏమీ అనలేదు. గడపలో మాత్రం మా ఇంట్లోవారితో, "ఇవ్వండమ్మా, దాన్ని కొంచెం తుడిచి ఇస్తాను" అంది. కొబ్బరిపీచు, ముగ్గుపిండి పెట్టి హ్యాండిలు, రిమ్ములు తోమి అద్దంలా చేసి, దండ వేసి మందిరంలోకి నడిపించుకొచ్చింది. ఆదివారం అర్పణల్లో చేర్చి ప్రార్థించాం.

ఇబ్బందులూ చెప్పాలి గదా. ఉక్కు తుప్పు పడుతుంది. వానాకాలం ముందు సీటు కర్ర బయటికి లాగి, గొట్టాల్లో కొంచెం అవిసెనూనె పోసి, అన్ని వైపులా ఒరగదీసి తిప్పుతాం. నూనె లోపల పొరలా పడుతుంది. సీటు కర్రకు గ్రీజు రాయకుండా ఏడాది వదిలేస్తే ఫ్రేముతో కరుచుకుపోతుంది, తర్వాత దేవుడే తీయాలి. టైర్ల బాధ ఇంకొకటి. మన ఊరి 28 అంగుళాల టైరు దీనికి సరిపోతుందనుకుంటారు చూసినవాళ్లు. దాని రిమ్ము కొలత 635, దీనిది 622. ఎంత లాగినా కుదరదు, పట్నం నుంచి తెప్పించుకోవాలి. ఎదురుగాలిలో గేర్లున్నా ఆయాసం తప్పదు.

పోయిన వానల్లో పాటల పుస్తకాల కట్టతో గుంటలో పడినప్పుడు క్యారేజీ బిగించే చిన్న కమ్మి ఊడిపోయింది. మూడో ఊరికి ఇంకా ఐదు కిలోమీటర్లుంది. పుస్తకాలు హ్యాండిలుకు కట్టుకుని, తొక్కుకుంటూనే చేరాం. మర్నాడు మేస్త్రీ గ్యాసు ముట్టించి, ఇత్తడి తీగ కరిగించి అరగంటలో అతికాడు. 150 రూపాయలు తీసుకున్నాడు. కాలిన చోట నీలం రంగు దొరక్క ఆకుపచ్చ పూశాడు. ఆ ఆకుపచ్చ మచ్చ చూసి మా సండేస్కూలు పిల్లలు సైకిలుకు చిలక అని పేరు పెట్టారు.

మొన్న అబ్బాయి ఫోన్ చేశాడు. వచ్చే నెలలో 300 కిలోమీటర్ల సవారీ ఉందట, ఇరవై గంటల గడువు, దారిలో చాలాభాగం పాడైన రోడ్డు. "అయ్యగారూ, ఆ పాతది ఒక్క వారం ఇస్తారా?" అని మొహమాటపడుతూ అడిగాడు. తప్పకుండా తీసుకెళ్లు బాబూ, వచ్చేటప్పుడు 32 టైర్లు రెండు పట్టుకురా అన్నాం. ఈ సంగతి వాళ్లమ్మకు తెలిసి, మందిరంలో పెట్టింది మళ్లీ అడుగుతాడా అని మండిపడింది. ఎంత సర్దిచెప్పినా వినక చివరికి, "సరే, అయితే టైర్లు రెండు కాదు, నాలుగు తెమ్మనండి" అంది.