వెనక సీటు

మా ఇంట్లో కారు మాట మొదట ఎత్తింది మా అబ్బాయి. విజయనగరంలో ఇంటరు చదువుతూ 2022 వేసవి సెలవులకు వచ్చాడు. "అమ్మా, నువ్వూ నాన్నా ఇద్దరూ ఉద్యోగస్తులే కదా. ఇంకా నలుగురం బండి మీదేనా?" అన్నాడు. మాట నిజమే. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు వీడు టాంకు మీద, పాప మా ఇద్దరి మధ్య, నా ఒడిలో సంచి. అలాగే గుమ్మలక్ష్మీపురం నుంచి పార్వతీపురం వెళ్లి వచ్చేవాళ్లం. ఇప్పుడు వాడే వాళ్ల నాన్నంత పొడుగయ్యాడు.

వానలో ఒకే స్కూటరు మీద తడుస్తూ పోతున్న కుటుంబాన్ని చూసి నానో కారు ఆలోచన వచ్చిందని రతన్ టాటా చెప్పేవారు. 2009లో అది లక్ష రూపాయల కారని పేపర్లో చదివినప్పుడు ఆ స్కూటరు మీదివాళ్లం మేమే అనుకున్నాను. మాకు కొనే స్తోమతు వచ్చేలోగా, 2018లో ఆ కారు తయారీయే ఆగిపోయింది.

పిల్లవాడికి కారంటే విజయనగరం గుర్తొస్తుంది. నాకు మా అయ్య గుర్తొస్తాడు.

2016 ఆగస్టు. మా గూడ కొండ మీద, తారు రోడ్డుకు రెండు కిలోమీటర్లు పైన ఉంటుంది. అయ్యకు కడుపునొప్పి వచ్చిందని అర్ధరాత్రి కబురొచ్చింది. డోలీ కట్టి మా తమ్ముళ్లు నలుగురు మార్చుకుంటూ కిందికి దించారు. గెడ్డ పొంగి ఉంది. అది దాటడానికే గంట పట్టింది. రోడ్డు మీదికి వచ్చేసరికి ఏ జీపూ లేదు, ఫోను సిగ్నలు లేదు. చివరికి మా చిన్నాన్న కొడుకు మోటారు సైకిలు తీశాడు. అయ్యను మధ్యలో కూర్చోబెట్టి, వెనక నేను ఎక్కి రెండు చేతులతో పట్టుకున్నాను. ఆయన వీపు నా గుండెలకు ఆనింది. దారిలో ఒకచోట ఆయన బరువు మారింది. తూలుతున్న మనిషి బరువు వేరు, తూలడం మానేసిన మనిషి బరువు వేరు. నాకు తెలిసింది. తమ్ముడికి చెప్పలేదు. బండి ఆపితే అది నిజమైపోతుందనిపించింది. ఆసుపత్రి మెట్ల దాకా అలాగే పట్టుకున్నాను.

కారు ఉంటే అయ్య బతికేవాడా? చెప్పలేను. పడుకుని పోయేవాడు. అంతమటుకు చెప్పగలను.

అందుకే కారు అనగానే పిల్లలు రంగు గురించీ, పాటల పెట్టె గురించీ మాట్లాడుతుంటే నేను వెనక సీటు పొడవు అడిగాను. మా ఇంటాయన నా మొహం చూసి ఊరుకున్నారు.

మా ఇద్దరి జీతాల్లో ఇంటి అద్దె, పిల్లల చదువు, గూడలో అమ్మ ఖర్చు పోగా వాయిదా కట్టగలిగింది ఆరు లక్షల కారుకే. మా మేనల్లుడు పాలిటెక్నిక్ చదివాడు. వాడు ఫోనులో చూసి నాలుగు కార్లు రాసిచ్చాడు. ఆల్టో 800, క్విడ్, టియాగో, వ్యాగనార్. మనవాళ్లు ఎవరైనా కారు కొనబోతే పనికొస్తుందని ఆ కాగితంలో ఉన్నది చెబుతాను.

మొదటిది నేలకూ కారు కడుపుకూ మధ్య ఎత్తు. ఆల్టో 800కి 160 మిల్లీమీటర్లు, వ్యాగనార్‌కి 165, క్విడ్‌కి 184. టియాగో ఆల్టోకూ క్విడ్‌కూ మధ్యలో ఉంటుంది. ఈ అంకెలు ఖాళీ కారువి. అయిదుగురు ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా పడితే కారు కిందికి దిగుతుంది. రాళ్ల బాట మీద ఇంజను కింద ఆయిలు ఉండే ఛాంబరుకు దెబ్బ తగిలితే ఆయిలు కారిపోతుంది, బండి అక్కడే ఆగిపోతుంది. ఈ ఒక్క లెక్క ప్రకారమైతే క్విడ్ మనది.

రెండోది డిక్కీ. ఆల్టోది 177 లీటర్లు, టియాగోది 242, క్విడ్‌ది 279, వ్యాగనార్‌ది 341. లీటర్లంటే నాకు అర్థం కాలేదు. మేనల్లుడు నవ్వి, "అత్తా, ఆల్టోలో చీపురు కట్టలు, వ్యాగనార్‌లో చీపురు కట్టలూ పనసకాయలూనూ" అన్నాడు. అప్పుడు అర్థమైంది.

మూడోది గట్టిదనం. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ కార్లను గోడ లాంటి అడ్డుకు గుద్దించి, లోపలున్న బొమ్మ మనుషులకు ఏమయిందో చూసి నక్షత్రాలిస్తుంది. టియాగోకి 2020లో నాలుగు నక్షత్రాలొచ్చాయి. వ్యాగనార్‌కి 2019లో వచ్చినవి రెండు. ఈ లెక్కలో టియాగో మనది.

నాలుగోది గేర్లు. గేరు మార్చే పని లేని రకం తీసుకోమని చాలామంది చెప్పారు. ఆడమనిషివి, నలభై దాటాక నేర్చుకుంటున్నావు, కాలికీ చేతికీ పని తక్కువ అన్నారు. దానికి అరలక్ష దాకా ఎక్కువ. పైగా ఎత్తు మీద ఆగి మళ్లీ కదిలేటప్పుడు, దిగుడులో బండిని గేరుతోనే పట్టుకోవలసి వచ్చినప్పుడు నా చేతిలో ఉన్న గేరే నాకు ధైర్యం. కొండ దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే బ్రేకులు కాలి పట్టు వదిలేస్తాయి. ఇది నాకు డ్రైవింగు స్కూలు నేర్పలేదు. సాలూరు ఘాటీలో లారీ తోలిన మా దూరపు బంధువు నేర్పాడు.

కాగితం మీద ఇలా ఒక్కో లెక్కకు ఒక్కో కారు నెగ్గింది. దసరాకు ముందు ఒక ఆదివారం అమ్మను కూడా తీసుకుని విజయనగరం వెళ్లాం. ప్రతి షోరూములోనూ నేను చేసిన పని ఒకటే. వెనక తలుపు తీయించి, చెప్పులు విప్పి, సీటు మీద పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పడుకున్నాను. అమ్మే అబ్బాయిలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. మా పాప సిగ్గుతో బయటికి వెళ్లిపోయింది. ఒక చోట ఒకతను, "నిద్రకా మేడమ్?" అని అడిగాడు. అవునన్నాను.

చిన్న కారులో ఎవరూ కాళ్లు చాపుకుని పడుకోలేరు. ఆ సంగతి పడుకోకుండానే తెలుసు. నేను చూసింది వేరు. పడుకున్న మనిషి తలను ఇంకొకరు ఒడిలో పెట్టుకోవడానికి చోటుందా, డోలీలోంచి ఎత్తిన మనిషిని తల తగలకుండా లోపలికి దించగలమా, అని. పొట్టి కార్లలో వంగి దూరాలి. వ్యాగనార్ కప్పు ఎత్తు, తలుపు వెడల్పుగా తెరుచుకుంటుంది.

టియాగో దగ్గర చాలాసేపు ఆగాను. ఆ నాలుగు నక్షత్రాలు వదలబుద్ధి కాలేదు. అమ్మను కూర్చోమన్నాం. కూర్చుంది. లేవడానికి మాత్రం తలుపు పట్టుకుని, నా భుజం పట్టుకుని, రెండుసార్లు ప్రయత్నించింది. కొండ ఎక్కీ దిగీ అరిగిపోయిన మోకాళ్లు ఆమెవి. వ్యాగనార్‌లోంచి కుర్చీలోంచి లేచినట్టు లేచింది.

"ఒలే, నాకు కార్లేటి తెల్సు? కూకోడం ఎవులైనా కూకుంటారు. లెగడం సూడు" అంది.

అమ్మ మాటే నెగ్గింది. నక్షత్రాలు తగ్గిన సంగతి ఇప్పటికీ నా మనసులో ముల్లులాగే ఉంది. అందుకని మూడు నియమాలు పెట్టుకున్నాం. అరవై దాటి తోలకూడదు. అయిదుగురికి మించి ఎక్కకూడదు. వెనక కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి. మొదటిది నా చేతిలో ఉంది. మూడోది పోట్లాడి సాధించాను. రెండోది కష్టం. సంతకు వెళ్లే జీపుల్లో పైకప్పు మీద కూడా జనం కూర్చుని వెళ్లిన ఊళ్లు మనవి. "ఇంకొకళ్లకి చోటుంది కదమ్మా" అంటే లేదనడం నేర్చుకోవాలి.

కారు దసరాకు వచ్చింది. వచ్చాక తెలిసింది, అది మా గూడకు రాదని. తారు రోడ్డు అయిపోయిన చోట చింతచెట్టు కింద ఆపి, అక్కడినుంచి రెండు కిలోమీటర్లు నడవాలి. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు పడాలంటే మైదానంలో అయిదు వందల మంది, కొండల్లో, గిరిజన ప్రాంతాల్లో రెండు వందల యాభై మంది ఉండాలని లెక్క. మా గూడలో ముప్పై ఆరు గడపలు. రెండు వందల యాభై మంది లేరు. ఆదిమ తెగల కోసం 2023లో వచ్చిన పీఎం జన్‌మన్ ఆ లెక్కను వందకు దించింది. కొండ సవరల ఊళ్లకు అది మేలు. మేం జాతాపులం, ఆ జాబితాలో లేము. కారు నేను ఎంచుకోగలిగాను. రోడ్డును ఎంచుకోవడం మాత్రం నా ఒక్కదాని చేతిలో లేదు.

మొదటిసారి కారు ఆపి గూడకు నడిచి వెళ్లిన రోజున ఒక తాత నవ్వుతూనే ఒక మాట అన్నాడు. "సత్యం మేస్టారు, కైలాసం మేస్టారు ఈ కొండలన్నీ నడిసే తిరిగేరు. మన పంతులమ్మ కారెక్కింది." వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం శ్రీకాకుళ పోరాటానికి ముందు ఈ ఏజెన్సీలో బడిపంతుళ్లే. మా పెద్దవాళ్లకు పంతులంటే తమతో నడిచేవాడు. తాత మాటలో ఎగతాళి లేదు, భయం ఉంది. చదువుకున్న మనవాళ్లు ఒక్కొక్కరే కారెక్కి పార్వతీపురం, విశాఖపట్నం వెళ్లిపోవడం ఆయన చూశాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా ఉద్యోగం 2000 నాటి మూడో నంబరు జీవో అమల్లో ఉన్న కాలంలో వచ్చింది. ఏజెన్సీ బళ్లలో టీచరు పోస్టులన్నీ గిరిజనులకే ఇచ్చిన జీవో అది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నాకు దొరికిన దారి ఇప్పుడు నా దగ్గర చదివే పిల్లలకు లేదు. అలాంటి జీతంతో కొన్న కారు నాదొక్కదానిదే ఎలా అవుతుంది?

ఇది మాట అన్నంత తేలిక కాదు. పెట్రోలు డబ్బులు చెట్టుకు కాయవు. మొదటి నెలలోనే నలుగురు ఎక్కించుకోమన్నారు, ఒకరు పెళ్లికి అడిగారు. మా ఇంటాయనకూ నాకూ మాటామాటా పెరిగింది. చివరికి కూర్చుని ఒక కట్టుబాటు చేసుకున్నాం. రోగానికి, కాన్పుకు, పరీక్షకు ఎప్పుడడిగినా కారు వెళ్తుంది. పెళ్లికీ సంతకూ వెళ్లదు. డబ్బులు తీసుకోం. తీసుకోకపోవడానికి కారణం మంచితనం ఒక్కటే కాదు. తెల్ల నంబరు పలకున్న సొంత కారును కిరాయికి తిప్పడం చట్టం ఒప్పుకోదు. అలా తిప్పుతుండగా ప్రమాదం జరిగితే బీమా కూడా రాకపోవచ్చు. ఈ సంగతి తెలియక మన కుర్రాళ్లు కొందరు వాయిదాలు తీర్చుకుందామని సొంత కార్లు తిప్పుతున్నారు. తిప్పాలనుకుంటే పసుపు పలకతోనే కొనండి. డబ్బులు వద్దన్నా డిక్కీలో ఎవరో ఒకరు గుమ్మడికాయో, అనాసపళ్లో, చీపురు కట్టో పెట్టి వెళ్తూనే ఉంటారు. దానికి చట్టం ఏమంటుందో నేను అడగలేదు.

మరుసటి ఏడు వానాకాలంలో ఒక రాత్రి మా తమ్ముడి కోడలికి నొప్పులు మొదలయ్యాయి. మా ఇంటాయన ఊళ్లో లేరు. రాత్రిపూట వానలో నేనెప్పుడూ కారు తీయలేదు. చింతచెట్టు దగ్గరికి వెళ్లి దీపాలు వేసి నిలబడ్డాను. పైనుంచి టార్చి వెలుగు, దాని వెనక డోలీ దిగి వచ్చాయి. ఏడేళ్ల కింద మోసినవాళ్లే, అదే దారి. పిల్లను తల తగలకుండా లోపలికి దించారు. వెనక సీటు మీద పక్కకు తిప్పి పడుకోబెట్టాం. అమ్మ ముందే ఎక్కి పిల్ల తలను ఒడిలోకి తీసుకుంది. అంతవరకే నాకు గుర్తుంది. తర్వాత నాకు రోడ్డూ, గేరూ, వెనకనుంచి వినిపించే మూలుగే. మూలుగు వినిపిస్తున్నంతసేపూ నాకు ధైర్యంగా ఉంది. భద్రగిరి ఆసుపత్రిలో తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

మర్నాడు వెనక సీటు కడుగుతుంటే మా పాప వచ్చి బకెట్టు పట్టుకుంది. షోరూములో సిగ్గుపడి బయటికి వెళ్లిపోయిన పిల్ల అది. ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు.

ఇప్పుడు కొత్తగా ఉద్యోగాలొచ్చిన మన పిల్లలు ఏ కారు కొనమంటావని నాకు ఫోను చేస్తున్నారు. నేను మైలేజీ చెప్పను, అది వాళ్లకే ఎక్కువ తెలుసు. వెనక ఎవరు కూర్చుంటారని అడుగుతాను. మీ ఇంట్లో పెద్దవాళ్లను తీసుకెళ్లి, కూర్చోబెట్టి, లేవమని చూడమంటాను. తర్వాత, మీ రోడ్డు ఎక్కడ ఆగిపోతుందని అడుగుతాను. ఆ ప్రశ్నకు చాలామంది కాసేపు మాట్లాడరు. మా గూడ రోడ్డు కోసం ఈమధ్య అర్జీ రాసింది వాళ్లలో ఇద్దరు. కింద నలభై సంతకాలున్నాయి. ఇదివరకు వేలిముద్రలు ఉండేవి.

చింతచెట్టు కింద కారు ఆపినప్పుడల్లా ఒకటి కనిపిస్తుంది. అవసరానికి ఉంటుందని మా తమ్ముళ్లు డోలీ కర్రను ఆ చెట్టుకే ఆనించి ఉంచారు. దాని పక్కనే మా కారు. రోడ్డు పైకి వచ్చేదాకా మాకు రెండూ కావాలి.