విప్పని కవర్లు, చేజారే ఇళ్లు

స్కిజోఫ్రీనియాతో ఉన్న మనిషి ఇంటికి వెళ్తే నేను మొదట మందుల డబ్బా చూడను, తలుపు వెనకాల నేల చూస్తాను. అక్కడ ఉత్తరాలు కుప్పపడి ఉంటే గుండె జారిపోతుంది. ఖాకీ కవర్లు, కౌన్సిల్ ముద్రవేసిన తెల్ల కవర్లు, ఎర్రక్షరాల అద్దె బకాయి హెచ్చరికలు. ఒక్కటీ విప్పి ఉండదు. ఇంగ్లండులో మానసిక వైద్యం చేస్తూ నేను చూసినంతవరకు, నా పేషెంట్లు స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చే కౌన్సిల్ ఇళ్లు పోగొట్టుకునేది అరిచి గోల చేసినందుకు కాదు. ఎక్కువసార్లు ఉత్తరం విప్పనందుకు.

ఎందుకు విప్పలేదని ఒకాయన్ని అడిగాను. "నా మీద నిఘా పెట్టిన సంగతి అందులోనే రాసుంటారు" అన్నాడు. ఇంకొకావిడకు అలాంటి భయమేమీ లేదు. రేపు చూద్దామనుకుంది, ఆ రేపు నెలల తరబడి రాలేదు. ఈ జబ్బులో చెవిలో గొంతులు వినిపిస్తాయని అందరికీ తెలుసు. అంతకంటే మొండి లక్షణం ఇంకొకటి ఉంది. పని మొదలుపెట్టే పూనిక, కబురందుకుని కదిలే చురుకు, లోపల్నుంచి ఎండిపోతాయి. మందులు గొంతులను చాలావరకు అణుస్తాయి కానీ ఈ లక్షణాన్ని పెద్దగా కదిలించలేవు. ఇంట్లోవాళ్లు దాన్ని బద్ధకమంటారు, ఆఫీసువాళ్లు నిర్లక్ష్యమంటారు. రెండూ తప్పే. జబ్బే ఉత్తరం విప్పనివ్వని మనిషికి ఉత్తరం మీద ఉత్తరం రాసి, బదులు రాలేదని ఇల్లు ఖాళీ చేయించడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ఇల్లు చేజారే ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువ, మనిషి ఆస్పత్రిలో ఉన్నప్పుడు. 'సెక్షన్' చేసి, అంటే మానసిక ఆరోగ్య చట్టం కింద బలవంతంగా, తెస్తారు. రక్త పరీక్షలు, ఇంజెక్షన్లు, నిద్ర లెక్కలు అన్నీ మొదటి వారంలోనే అయిపోతాయి. "అద్దె ఎవరు కడుతున్నారు?" అని మాత్రం ఎవరూ అడగరు. నిజానికి ఇక్కడి నిబంధనలు అంత కఠినమైనవి కావు. ఆస్పత్రిలో ఉన్నంత మాత్రాన అద్దె సాయం ఆగిపోదు. యూనివర్సల్ క్రెడిట్ అనే ప్రభుత్వ భృతిలో ఆరు నెలల దాకా, పాత హౌసింగ్ బెనిఫిట్‌లో 52 వారాల దాకా కొనసాగే వీలుంది. 2021 మే నుంచి 'బ్రీదింగ్ స్పేస్' అనే పథకం కూడా వచ్చింది. మానసిక సంక్షోభంలో చికిత్స జరుగుతున్నంత కాలం, ఆ తర్వాత మరో 30 రోజులు, అద్దె బకాయితో సహా చాలా అప్పుల మీద ఒత్తిడి చేయకుండా ఆపుతుంది. దానికి ధ్రువీకరణ ఇవ్వాల్సింది డాక్టరు కాదు, సెక్షన్ పని చూసే ఏ.ఎం.హెచ్.పి. అనే అధికారి. ఇన్ని ఉండి కూడా, ఒకరు ఫోన్ తీసి ఆస్పత్రిలో చేరిన సంగతి చెప్పకపోవడం వల్ల ఇల్లు పోతుంది.

అలా పోగొట్టుకున్న ఒకాయన ఉదంతం చెబుతాను. గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. ఆయనకు క్లోజపిన్ పడింది. మిగతా మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకు ఇంతకు మించిన మందు మన దగ్గర లేదు. ఏళ్ల తర్వాత గొంతులు తగ్గి, చేపలు పట్టడం గురించి నాతో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఈ మందుకు మొదటి 18 వారాలు వారం వారం రక్త పరీక్ష, ఏడాది నిండేదాకా రెండు వారాలకోసారి, ఆ తర్వాత నెలనెలా. 48 గంటలకు మించి మానేస్తే పాత మోతాదు ఒక్కసారిగా వేయకూడదు, మళ్లీ కనిష్ఠం నుంచి మెల్లగా పెంచుకుంటూ రావాలి. ఇల్లు పోయాక ఆయన్ని వేరే ప్రాంతంలో ఒక బీ అండ్ బీ (చిన్న లాడ్జి) గదిలో పెట్టారు. ఫోన్ నంబరు మారింది, నర్సు మారింది, రక్త పరీక్ష తప్పింది. మందు ఆగింది. పాత గొంతులు తిరిగొచ్చాయి. మళ్లీ వార్డు. చికిత్స పత్రంలో 'మందు మానేశాడు' అని రాసి ఉంది. ఆ వాక్యం చదివి నాకు ఆగ్రహం వచ్చింది. ఆయన మానలేదు, మందు చేరే చిరునామానే ఆయనకు లేకుండా చేశారు.

కొత్త ఇంటికి మళ్లీ దరఖాస్తు పెడితే నన్ను ఉత్తరం అడుగుతారు. 1996 హౌసింగ్ చట్టం ప్రకారం, నిలువనీడ లేనివారిలో మానసిక వ్యాధి వల్ల నిస్సహాయులైన వారికి ప్రాధాన్యం ఉంది. చాలాకాలం దరఖాస్తుదారుణ్ణి ఇల్లులేని మామూలు మనిషితో పోల్చి చూసేవారు. అంటే వీధిలో బతికే వాళ్లెంత నలిగి ఉంటే ఇతని కష్టం అంత చిన్నదిగా కనిపించేది. 2015లో హోటక్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సరిదిద్దింది. ఇల్లు పోగొట్టుకుంటే సాధారణ మనిషి పడే ఇబ్బంది కంటే ఇతనికి గణనీయంగా ఎక్కువ హాని ఉందా అన్నదే చూడమంది. మంచి తీర్పు. ఆ ప్రకారం, ఈయన ఒంటరిగా ఏ పనీ చేసుకోలేడని ఒక ఉత్తరం రాస్తాను. కొద్ది వారాలకే ఇల్లు కేటాయించే సంస్థ మరో ఉత్తరం అడుగుతుంది. ఈయన అద్దె కట్టగలడని, ఇల్లు శుభ్రంగా ఉంచుకోగలడని, పొరుగువారితో సర్దుకుపోతాడని. తోడు ఎవరైనా ఉంటే రెండూ నిజమే. ఆ తోడుకు ఇచ్చే డబ్బే ఏళ్లుగా తగ్గుతూ వచ్చింది.

తోడు ఉంటే ఏమవుతుందో ఈ దేశమే నిరూపించింది. 1961లో ఆరోగ్య మంత్రి ఎనోక్ పావెల్ పాత పిచ్చాసుపత్రులను మూసేస్తామని ప్రకటించాడు. ఉత్తర లండన్‌లో 1851 నుంచీ ఉన్న ఫ్రయర్న్ ఆస్పత్రి 1993లో మూతపడింది. అక్కడినుంచీ, క్లేబరీ ఆస్పత్రి నుంచీ బయటికి వచ్చిన దీర్ఘకాల రోగులను మానసిక వైద్యుడు జూలియన్ లెఫ్ బృందం ఏళ్ల తరబడి గమనించింది. వీధిన పడతారని భయపడిన వాళ్లలో అతి కొద్దిమందే వీధిన పడ్డారు. ఎక్కువమంది తమ కొత్త ఇళ్లనే ఇష్టపడ్డారు. వాళ్లను పంపే ముందే ఒక్కొక్కరికీ ఇంటినీ, చూసుకునే మనుషుల్నీ ఏర్పాటు చేశారు. కష్టమొచ్చింది తర్వాతి తరానికి. పాత ఆస్పత్రుల్లో ఎన్నడూ ఉండని యువకులకు ఆ ఏర్పాటు దక్కలేదు. 1980 చట్టంతో అద్దెదారులు కొనుక్కున్న కౌన్సిల్ ఇళ్లకు సరిపడా కొత్తవి కట్టనూ లేదు. ప్రైవేటు ఇల్లు చూసుకోమంటే, 35 ఏళ్లలోపు ఒంటరివాడికి సాధారణంగా పంచుకునే ఇంట్లో ఒక గదికి సరిపడా సాయమే వస్తుంది. పక్కగదివాడు తన మాటలు వింటున్నాడని నమ్మే పిల్లవాణ్ణి అలాంటి ఇంట్లో ఉంచితే ఏమవుతుందో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. మినహాయింపులున్నాయి, అవి అడిగినవాళ్లకే అందుతాయి.

ఇక మన తెలుగువాళ్లతో నా పోరు వేరు. వాళ్లు అసలు దరఖాస్తే పెట్టరు. "మావాడు గవర్నమెంటు ఇంట్లో ఒక్కడే ఉంటే నలుగురూ ఏమనుకుంటారు డాక్టరు గారూ? నేనున్నాను కదా, వండిపెడతాను" అంది ఒకావిడ. మోకాళ్లు పట్టేసి మెట్లెక్కలేకపోతోంది. నలభై దాటిన కొడుకు పక్కగదిలో తలుపేసుకుని ఉన్నాడు. "అమ్మా, మీ తర్వాత?" అన్నాను. ఆవిడ ఏడ్చింది. నాకూ బాధేసింది, కానీ ఆ మాట అనక తప్పదు.

ప్రేమ ఉంటే చాలదా అంటారు. 1958లోనే లండన్‌లో పరిశోధకుడు జార్జ్ బ్రౌన్, ఆయన సహచరులు ఒక విషయం కనిపెట్టారు. ఆస్పత్రి నుంచి తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్లినవారి కంటే, అద్దె గదులకో తోబుట్టువుల ఇళ్లకో వెళ్లినవారు ఎక్కువ నిలదొక్కుకున్నారు. తర్వాతి పరిశోధనలు కారణం చెప్పాయి. విమర్శ, అతి జోక్యం ఎక్కువగా ఉన్న ఇంట్లో వారానికి 35 గంటలకు మించి ఎదురెదురుగా గడిపితే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. తల్లి తప్పు చేసిందని కాదు. జబ్బుకు విడిగా ఒక గది, ఒక తాళంచెవి కావాలి. ఆవిడ కొడుక్కి నాలుగు వీధుల అవతల సిబ్బంది ఉండే సపోర్టెడ్ ఫ్లాట్ దొరికింది. ఇప్పుడతను తల్లితో ఎక్కువ మాట్లాడుతున్నాడు. ఆవిడ పులుసు పట్టుకెళ్తుంది, అరగంట కూర్చుని వస్తుంది.

చదువుకు వచ్చి ఇక్కడే మొదటిసారి మతి చెదిరిన తెలుగు పిల్లలున్నారు. వాళ్ల వీసాలో ప్రభుత్వ నిధులు వాడరాదని రాసి ఉంటుంది కాబట్టి ఏమీ దక్కదని స్నేహితులు భయపడి దాచేస్తారు. చికిత్స కోసం సెక్షన్ 3 కింద ఆస్పత్రిలో ఉంచితే, డిశ్చార్జి తర్వాత 117వ సెక్షన్ కింద అందే సంరక్షణకు వీసా అడ్డు కాదు. అందులో మామూలు అద్దె ఇల్లు రాదు గానీ, జబ్బు కారణంగా సిబ్బంది తోడున్న నివాసం అవసరమైతే వస్తుంది.

కాబట్టి మీవాళ్లెవరైనా ఇక్కడ ఆస్పత్రిలో చేరితే మొదటి వారంలోనే వార్డులో అడగండి. అద్దె సాయం ఆఫీసుకు కబురు చేశారా, బ్రీదింగ్ స్పేస్‌కు ఏ.ఎం.హెచ్.పి. ధ్రువీకరణ ఇచ్చారా, 117 వర్తిస్తుందా. ఇంటి తాళాలు మీ దగ్గరుంటే, పేషెంటు ఒప్పుకుంటే, వెళ్లి ఆ కవర్లన్నీ వార్డుకు తెచ్చి నర్సుకు ఇవ్వండి. ఎంత పాతవైనా పారేయకండి, తేదీలు మాకు కావాలి.