ఆకుకు కన్నం పెట్టి పాట

మదనపల్లెలో పొద్దుగూకితే పెరట్లో కీచురాళ్లు మొదలెడతాయి. నేలమీద గెంతే నల్లదాన్ని అందరూ ఎరుగుదురు. కొమ్మల్లో పాడేదాన్ని చూడడమే కష్టం. లేతాకుపచ్చ ఒళ్లు, గాజు లాంటి రెక్కలు, ఒంటికన్నా పొడవైన మీసాలు. టార్చి వేస్తే ఠక్కున ఊరుకుంటుంది. దోమలు కుట్టినా సరే, కదలకుండా నిలబడాలి.

పాడేది మగదే, అదీ నోటితో కాదు, ముందు రెక్కలు పైకెత్తి రాపాడించి. వినే చెవులేమో ముంగాళ్లలో! చలిపడితే పాట మందగిస్తుంది, శ్రుతి కూడా దిగుతుంది.

మనకు కాస్త అవతలే, చిక్కబళ్లాపురం జిల్లా ఉల్లోడు దగ్గర, బెంగళూరు ఐఐఎస్సీ వాళ్లు ఈకాంథస్ హెన్రియై అనే రకాన్ని గమనించారు. రోహిణీ బాలకృష్ణన్ బృందం 2020లో ప్రచురించిన సంగతి నాకు భలే నచ్చింది. కొన్ని మగవి ఆకు నడుమ కన్నం కొరికి, అందులో తల దూర్చి, రెక్కలను ఆకుకు ఆనించి పాడతాయి. ఆకు అడ్డుండడంతో రెక్కకు ముందూ వెనకా పుట్టే ధ్వనులు ఒకదాన్నొకటి చెరుపుకోవు, పాట గట్టిగా వినబడుతుంది. ఆ పని చేసేవి ఎక్కువగా చిన్నవి, గొంతు తక్కువవి. ఆడవాటికి గట్టి గొంతే ఇష్టం మరి. ఇదో దొంగ ఎత్తు అనేవాళ్లున్నారు. నేనైతే పనితనం అంటాను.

ఉల్లోడులో ఇవి ఉండేది తులసి కుటుంబపు కలుపు మొక్కల మీద. పుంగనూరు, కుప్పం గట్లమీద పొదలకేం కరువు? ఆకు మధ్యలో కన్నం కనబడితే, మందు డబ్బా తీసేముందు చీకటి పడేదాకా ఆగి వినండి.