లప్పం వెనకాల

కొత్త ఫ్లాటు చూసుకోవడానికి వెళ్లేటప్పుడు మనవాళ్లు పూలు, స్వీటు డబ్బా, దిక్సూచి పట్టుకెళతారు. అందులో ముందుగా పనిలోకి దిగేది దిక్సూచే. ఈశాన్యం తగ్గిందా, పొయ్యి ఆగ్నేయంలోనే ఉందా అని అంగుళం అంగుళం చూస్తారు. బాత్రూమ్‌లో పోసిన నీళ్లు ఎటు పోతున్నాయో మాత్రం ఎవరికీ పట్టదు. వాస్తుతో నాకు పేచీ లేదు. ఆ శ్రద్ధలో పావు వంతు నీటివాలు మీద పెట్టినా చాలంటాను.

కట్టడం పనుల్లో తిరిగినవాణ్ణని చుట్టాల్లో నాకో పేరుంది. హైదరాబాద్‌లో ఎవరు ఫ్లాటు కొన్నా "అన్నయ్యా, ఒక్కసారి వచ్చి చూసిపో" అని ఫోను. నేను పట్టుకెళ్లే సరంజామా పెద్దదేం కాదు. రూపాయి బిళ్ల, తూకం గుండు, సుద్దముక్క, ఫోను చార్జరు. బకెట్టు అక్కడే దొరుకుతుంది.

బిళ్లతో టైలు మీద తడుతూ పోతే గట్టిగా కూర్చున్నచోట టక్కుమంటుంది, కింద ఖాళీ ఉన్నచోట డొల్లగా మోగుతుంది. బోలు ఎక్కువగా మూలల్లోనే. మాలు ముద్దలుగా మధ్యలో వేసి నొక్కేస్తే అంచుల దాకా చేరదు. రేపు బీరువా కాలు సరిగ్గా అక్కడే పడుతుంది. చార్జరు ప్రతి ప్లగ్గులోనూ పెట్టి చూస్తాను. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్సీసీబీ ఉంటే దాని టెస్ట్ బటన్ నొక్కుతాను. అది ఠక్కున పడిపోవాలి.

నా మటుకు నాకు తేలిందేమంటే, ఏ పనివాడూ మరీ చేతగానివాడు కాడు. ఒకడి పని ముగిసి ఇంకొకడి పని మొదలయ్యే చోటే తంటా. బాత్రూమే చూడండి. అక్కడి స్లాబును కాస్త పల్లంగా దించి పోస్తారు. అందులో వాటర్‌ప్రూఫింగ్ పూసి, నీళ్లు నింపి, కనీసం ఒక రోజు నిలబెట్టి, కింది ఫ్లాటు సీలింగు తడిసిందేమో చూడాలి. చూస్తారు కూడా. అంతా బాగుందన్నాక, పైపు కొంచెం జరపాలంటూ ప్లంబరు ఉలీ సుత్తీ పట్టుకుని అందులోకే దిగుతాడు. మళ్లీ నీళ్లు నింపే తీరిక ఎవరికుంది? పైన కంకర పడుతుంది, టైలు పడుతుంది. కొన్నేళ్లకు కిందివాళ్ల సీలింగు మీద పసుప్పచ్చ మరక లేస్తుంది. పైవాళ్లూ కిందివాళ్లూ మాట్లాడుకోవడం మానేస్తారు.

గోడల సంగతీ ఇంతే. కాంక్రీటు స్తంభం, తేలిక బ్లాకుల గోడ ఎండకూ తేమకూ ఒకేలా సాగవు, ఒకేలా ముడుచుకోవు. రెండూ కలిసేచోట జాలీ కొట్టాకే ప్లాస్టరింగ్ చేయాలి. గోడ కట్టినవాడు అది తన పని కాదంటాడు. ప్లాస్టరింగ్ మేస్త్రీ తనకు జాలీ ఇవ్వలేదంటాడు. తర్వాత సన్నటి నిలువు చీలిక రానే వస్తుంది. పెయింటరు దాని మీద లప్పం పెట్టి రంగేసి పోతాడు. తాళాలు ఇచ్చే రోజున గోడ పెళ్లికొడుకులా ఉంటుంది. ఒక వేసవి గడిస్తే గీత మళ్లీ అక్కడే.

ఇక నీళ్లు కొట్టడం. మామూలు సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ కలిసిన సిమెంటైతే 10 రోజులు తడిపి ఉంచాలని కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ట్యాంకరు నీళ్లతో కట్టే ఊళ్లో, మే నెల ఎండలో, ఆ పైపు పట్టుకునే మనిషి వాచ్‌మనో, అతని భార్యో. ఆ పని చెడితే ఏ మేస్త్రీ ఖాతాలోనూ పడదు.

చట్టం మనవైపే ఉంది. 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఇల్లు అప్పగించిన 5 ఏళ్లలోపు కట్టడంలోగానీ పనితనంలోగానీ లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డరు పైసా తీసుకోకుండా సరిచేయాలి. 500 చదరపు మీటర్లు దాటని స్థలంలో కట్టినవీ, 8 ఫ్లాట్లకు మించనివీ మాత్రం రెరాలో నమోదు కానక్కర్లేదు. మన గల్లీల్లో లేచే చిన్న అపార్ట్‌మెంట్లలో చాలావాటికి ఆ వెసులుబాటు ఉంది.

బిల్డరుకు చట్టంకన్నా బాగా తెలిసింది మన ముహూర్తం. కార్డులు పంచేశాం, వంటవాడికి అడ్వాన్సు ఇచ్చేశాం అని అతనికి తెలుసు. "ఇవన్నీ గృహప్రవేశం అయ్యాక చేయించేస్తాం సార్, ముందు ఇక్కడ సంతకం పెట్టండి" అంటాడు సూపర్‌వైజరు, ఎంతో మర్యాదగా. అది జరిగే పని కాదు. మేస్త్రీలు అప్పటికే పక్క వెంచరుకు వెళ్లిపోయి ఉంటారు.

మా పిన్ని కూతురు దీనికి మంచి ఉపాయం పట్టింది. పూజకని ఒక్క రోజుకు తాళం ఇప్పించుకుని, ముహూర్తానికే పాలు పొంగించి, భోజనాలు పెట్టి, సాయంత్రం తాళం తిరిగి ఇచ్చేసింది. సుద్దతో గుర్తు పెట్టిన టైల్సు, హాల్లో చీలిక, వాలు లేని బాల్కనీ అన్నీ కాగితం మీద రాసి, ఒక కాపీ మీద సూపర్‌వైజరు చేత తేదీ వేయించుకుంది. ఆఖరి బాల్కనీ టైలు ఊడదీసి మళ్లీ వేసేదాకా అద్దింట్లోనే ఉంది. అప్పగింత పత్రం మీద సంతకం ఆ తర్వాతే పెట్టింది. రెండు నెలల అద్దె దండగని బావగారు ఇప్పటికీ సణుగుతూనే ఉంటాడు.