మీ అబ్బాయి ఏం చేస్తాడండీ?

ఈ ప్రశ్న మీకూ ఎదురయ్యే ఉంటుంది. పేరంటంలోనో, బస్సులోనో, పెళ్ళి పందిట్లోనో పక్కన కూర్చున్నావిడ ముందు ఊరు అడుగుతుంది. తర్వాత పిల్లలెంతమంది అంటుంది. ఆపైన ఈ మాటే. ఇంజనీరనో, టీచరనో, దుబాయ్‌లో ఉన్నాడనో ఒక్క ముక్కలో చెప్పేసే తల్లులను చూస్తే నాకు చాలాకాలం అసూయగా ఉండేది. మా పెద్దాడి విషయంలో నాకా ఒక్క ముక్క దొరికేది కాదు. ఫోటోగ్రాఫరంటే “పెళ్ళిళ్ళు తీస్తాడా?” అంటారు. “కాదండీ, మంచు మీద చెక్క కట్టుకుని జారేవాళ్ళను తీస్తాడు” అంటే నా మొహంకేసి అదోలా చూస్తారు. ఈ బాధంతా ఎందుకని “వీడియో కంపెనీలో ఉన్నాడు” అని అబద్ధం చెప్పడం అలవాటు చేసుకున్నాను.

మాది గద్వాల దగ్గర రాజోలి. తుంగభద్ర ఒడ్డు. మా ఇంట్లో మగ్గం ఉంది. గద్వాల చీర మీరు కట్టే ఉంటారు, ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. మావారు నేస్తే నేను పక్కన రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేదాన్ని. మా ఊళ్ళో మంచంటే చలికాలం తెల్లవారుజామున నది మీద పొగలా లేచేదే. పొద్దెక్కితే అదీ ఉండదు. ఇక ఎండాకాలం సంగతి చెప్పక్కర్లేదు. ఇలాంటి ఊళ్ళో పుట్టినవాడు మంచు వెంట పడటమేమిటంటారా?

నాకు తెలిసినంతవరకు అది వరదతో మొదలైంది. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర పొంగి మా ఊరు మునిగింది. నీళ్ళు తీశాక వచ్చి చూస్తే మగ్గం గుంట నిండా బురద. ట్రంకుపెట్టెలో దాచిన మా పెళ్ళి ఫోటోలు, పిల్లల అన్నప్రాశన ఫోటోలు ముద్దయిపోయాయి. అప్పుడు వాడు ఇంటర్ చదువుతున్నాడు. ఒక్కొక్క ఫోటోనూ కడిగి దండెం మీద చీరల్లా ఆరేశాడు. ఆరాక చూస్తే ఒక్కదాంట్లోనూ మొహాలు లేవు. ఆ వేసవిలోనే కర్నూల్లో ఒక స్టూడియోలో పనికి కుదిరాడు. తర్వాత హైదరాబాదులో ఫోటోగ్రఫీ కోర్సు చదివాడు. ఒకసారి స్నేహితులతో కాశ్మీర్‌లోని గుల్‌మార్గ్ వెళ్ళాడు. అంతే, చలికాలం వస్తే మనిషి ఇంట ఉండడు.

స్నోబోర్డంటే మన ఇస్త్రీబల్ల అంత పొడుగుండే పలక. రెండు కాళ్ళూ దానికి బిగించుకుని మంచుకొండ మీంచి పక్కవాటుగా నిలబడి జారతారు. దీని పుట్టుక మన ఆడవాళ్ళకు నచ్చేలా ఉంటుంది. 1965లో అమెరికాలో షెర్మన్ పాపెన్ అనే ఆయన, పిల్లలు ఆడుకోవడానికని రెండు స్కీలను జోడించి ఒక పలక చేశాడట. దానికి ‘స్నర్ఫర్’ అని పేరు పెట్టింది ఆయన భార్య. ఆ ఆటబొమ్మే ముదిరి ముదిరి 1998లో జపాన్‌లోని నగానోలో ఒలింపిక్ క్రీడ అయింది.

ఇక నా కథ. 2024 జనవరిలో వాడికి కర్నూలు నుంచి ఒక సంబంధం వచ్చింది. “పిల్లను చూడటానికి రారా” అని ఫోన్ చేశాను. “అమ్మా, ఈసారి మంచే పడలే. పడినాక నాలుగు దినాలు పని చేసుకోకుంటే ఏడాదంతా ఏం తినాలె?” అన్నాడు. నిజమే, ఆ జనవరిలో గుల్‌మార్గ్ మైదానాలు గడ్డి కనబడుతూ ఎండిపోయి ఉన్నాయని టీవీలో కూడా చూపించారు. వానలు లేక పాలమూరు రైతు ఆకాశంకేసి చూడటం నేనెరుగుదును. మంచు కోసం చూసేవాళ్ళూ ఉంటారని అప్పుడే తెలిసింది. వాడు రాకపోతే నేనే వెళ్ళి చెవి పట్టుకుని తీసుకొద్దామని, మంచు పడ్డాక ఫిబ్రవరిలో బయలుదేరాను. జొన్నరొట్టెలు ఎండబెట్టి, పల్లీలపొడి కొట్టి, మూట కట్టుకుని మరీ వెళ్ళాను.

శ్రీనగర్ నుంచి టాంగ్‌మార్గ్, అక్కణ్ణుంచి ఘాట్ రోడ్డెక్కితే గుల్‌మార్గ్. మంచు మీద జారకుండా బండి చక్రాలకు గొలుసులు కడతారు. వాడు టాంగ్‌మార్గ్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. ఇంటావిడ నన్ను చూడగానే నిప్పులు పోసిన కాంగ్డీ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అల్లిన బుట్టలో మట్టికుండ, అదే వాళ్ళ కుంపటి. నాకొచ్చిన నాలుగు ఉర్దూ ముక్కలతో మేమిద్దరం నెట్టుకొచ్చాం.

వాడి పని దగ్గరుండి చూశాను కనుక చెబుతున్నా. చీకటితోనే లేస్తాడు. కెమెరా, లెన్సులు పెట్టిన బరువైన సంచీ వీపున వేసుకుంటాడు. గొండోలా అనే తీగబండి 1998లో కొంగ్‌డోరి దాకా, 2005లో ఆఫర్వట్ కొండ మీది దాకా వేశారు. పైన సుమారు 13 వేల అడుగుల ఎత్తు. దిగాక మళ్ళీ నడక. జారేవాడు ఏ దారిన వస్తాడో ముందే మాట్లాడుకుని, వాడికి దూరంగా చుట్టూ తిరిగి వెళ్ళి మంచులో గుంట తవ్వుకుని కూర్చుంటాడు. చుట్టూ ఎందుకంటే, తాజా మంచు పచ్చిగా అలికిన నేలలాంటిది. ఒక్క అడుగు పడితే పాడైపోతుంది. జారేవాడు ఒక్కసారే జారతాడు. ఆ రెండు మూడు సెకన్లలో ఫోటో రాకపోతే మళ్ళీ కొత్త చోటు వెతుక్కోవాలి. గంటలకొద్దీ మబ్బు తొలగడం కోసం కూర్చోవడమే అసలు ఉద్యోగం.

చలికి బ్యాటరీలు ఇట్టే నీరసించిపోతాయి. అందుకని చంటిపిల్లల్లా బనీను దగ్గర, ఒంటి వేడికి దాచుకుంటాడు. సాయంత్రం గదిలోకి వచ్చేముందు కెమెరాను గాలి చొరబడకుండా ప్లాస్టిక్ కవర్లో కట్టేసి, గంటన్నర అయ్యాక గానీ విప్పడు. లేకపోతే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టు కెమెరాకూ పడుతుందట. ఇంకొక మాట. అంతా తెలుపే ఉంటే కెమెరా మోసపోయి వెలుతురు తగ్గించేస్తుందట, మంచు బూడిదరంగులో వస్తుందట. కావాలని కాస్త వెలుతురు పెంచాలి. తెల్లచీర కట్టుకున్నవాళ్ళను ఫోన్లో తీసేటప్పుడు మీరూ ఇలా చేసి చూడండి, చీర మాసినట్టు కనిపించదు.

డబ్బు సంగతీ దాచను. మంచు బాగుంటే చేతినిండా పని, లేకపోతే ఖాళీ. ఔలి, మనాలి తిరుగుతాడు. ఒక ఏడాది ఒక విదేశీ ఫోటోగ్రాఫర్‌కు సాయంగా జపాన్‌లోని హొక్కైడో దాకా వెళ్ళొచ్చాడు. వేసవిలో హైదరాబాదులో పెళ్ళిళ్ళు తీసి, ఆ డబ్బుతో చలికాలం గడుపుతాడు. పెళ్ళిళ్ళు తీస్తాడా అని అడిగినవాళ్ళది పూర్తిగా తప్పు కాదన్నమాట!

రోజూ బయలుదేరేముందు మూడు వస్తువులు తడిమి చూసుకునేవాడు. జాకెట్టు లోపల తాయెత్తులా కట్టుకునే బీకన్, మడతపెట్టే పొడుగాటి కడ్డీ, చిన్న పార. మంచుచరియ కింద ఎవరైనా పడితే బీకన్ ఇచ్చే సంకేతం పట్టుకుని, కడ్డీతో గుచ్చి వెతికి, పారతో తవ్వి తీయాలట. పావుగంట దాటితే బతికే ఆశ వేగంగా తగ్గిపోతుందట. ఇది విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఫిబ్రవరి 21న అక్కడ ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మొదలయ్యాయి. మర్నాడు, 22వ తేదీ మధ్యాహ్నం ఇంటావిడ పరుగున వచ్చి పైన చరియ విరిగిపడిందని చెప్పింది. ఫోన్ చేస్తే స్విచాఫ్. మళ్ళీ చేశాను. మళ్ళీ స్విచాఫ్. వాడు పొద్దున ఎటు వెళుతున్నాడో చెప్పే వెళ్ళాడు గానీ, ఆ పేర్లు నా బుర్రకెక్కితేనా? పొయ్యి మీద అన్నం మాడిపోయింది. ఇంటావిడ ఏమీ మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆమె కొడుకు కూడా గైడేనని, వాడూ పైనే ఉన్నాడని అప్పుడు చెప్పింది. ఆ మూడు గంటలు ఎలా గడిచాయో ఇద్దరు తల్లులకే తెలుసు.

సాయంత్రం ఇద్దరూ ఒకే బండిలో దిగారు. మావాడు ఆ రోజు కింద పోటీల దగ్గరే ఉన్నాడు. చలికి ఫోన్ బ్యాటరీ చచ్చిపోయింది. కెమెరా బ్యాటరీలు బనీనులో దాచుకున్నవాడు ఫోన్ పైజేబులో పెట్టాడు చూడండి! ఆ చరియలో రష్యా నుంచి వచ్చిన ఒక స్కీయర్ చనిపోయాడు, మరికొందరిని కాపాడారు. ఆ బిడ్డ తల్లికి ఈ కబురు ఏ భాషలో, ఎవరు చెప్పారో అని ఇప్పటికీ అనుకుంటాను.

“ఇంక చాలురా, ఇంటికి పోదాం పా” అన్నాను. చాలాసేపు ఊరకున్నాడు. తర్వాత మెల్లగా, “గుంటల నీళ్ళొచ్చినయని నాయన మగ్గం మానిండా అమ్మా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. వారం పాటు బురద ఎత్తిపోసి, మళ్ళీ అదే గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనిషిని నేనే చూశాను. అన్నం పెట్టింది నేనే. అప్పుడు వద్దనలేదు.

అయినా ఒక మాట తీసుకున్నాను. చరియ పడే భయం ఉందని హెచ్చరిక వచ్చిన రోజు పైకి వెళ్ళకూడదు. ఎవరు ఎంత డబ్బిస్తానన్నా సరే. ఫోన్ కూడా బనీనులోనే ఉండాలి. సరేనన్నాడు.

వచ్చేముందు వాణ్ణి నిలబెట్టి నా ఫోన్లో ఒక ఫోటో తీశాను. చిన్నప్పటివి వరదలో పోయాయి. పెద్దయ్యాక ఎప్పుడూ కెమెరా వెనకే ఉంటాడు, వాణ్ణి తీసేదెవరు? నా ఫోటోలో కొండ ఒక పక్కకు ఒరిగింది, వాడి టోపీ సగం తెగింది. ఎర్ర జాకెట్టు మాత్రం బాగా పడింది.

కర్నూలు సంబంధం తప్పిపోయింది. 2025లో మళ్ళీ మంచు తక్కువై ఆ పోటీలను ఫిబ్రవరి నుంచి మార్చికి వాయిదా వేశారు. వాడి ఆదాయమూ వాయిదా పడింది. కిందటి నెల ఇంకో సంబంధం వాళ్ళు వచ్చారు. ఎప్పటిలాగే అడిగారు, “అబ్బాయి ఏం చేస్తాడండీ?” అని. ఈసారి వీడియో కంపెనీ ఊసెత్తలేదు. మంచు పడని జనవరి, వేసవి పెళ్ళిళ్ళు, బీకన్, పార, ఆ మూడు గంటలు, అన్నీ చెప్పాను. చెప్పేసరికి కాఫీలు చల్లారిపోయాయి. పిల్ల తండ్రి ఏమీ అనలేదు. తల్లి మాత్రం “అంత చలిలో అన్నమెట్లా తింటాడమ్మా?” అంది. అన్నం డబ్బా కూడా జాకెట్టు లోపలే పెట్టుకుంటాడని చెప్పాను. పిల్ల తలెత్తి, “ఆయన ఫోటో ఉందా అండీ?” అని అడిగింది. ఆ ఒరిగిపోయిన ఫోటోనే చూపించాను.

ఇంకా కబురు రాలేదు. వస్తే సంతోషం. రాకపోయినా, చెప్పిన అబద్ధం ఎవరి ముందు ఎప్పుడు బయటపడుతుందో అన్న దిగులు మాత్రం నాకిప్పుడు లేదు.