బండి మీద బండి

ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అన్నారు గాని, బండి మీద బండి ఎక్కితే ఏమవుతుందో మన పెద్దలెవరూ చెప్పినట్టు లేదు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మా బావమరిదికి గూడూరు దగ్గర ఐదెకరాల నిమ్మతోట ఉంది. నిమ్మచెట్ల వరసల మధ్య పెద్ద ట్రాక్టరు తిరగదు. తిరిగితే కొమ్మలు విరుగుతాయి, కాయలు రాలతాయి. అందుకని 2018 సంక్రాంతికి ముందు నెల్లూరులో ఒక పొట్టి ట్రాక్టరు కొన్నాడు. పాతదే అయినా ఇంజను బాగుంది. బేరం నేనే కుదిర్చాను. అయితే దాని ఇన్సూరెన్సు గడువు తీరిపోయింది. అంచేత రోడ్డు మీద నడిపించడానికి వీల్లేదు. పక్క పొలం ఆసామి తన పెద్ద ట్రాక్టరునూ, రెండు చక్రాల ట్రైలరునూ, డ్రైవరు కుర్రాణ్ణీ పంపించాడు.

“కాళ్ళున్నదాన్ని పల్లకీ ఎక్కించడమేమిటండీ?” అంది మా ఆవిడ.

“చట్టం సంగతి నీకు తెలియదులే” అన్నాను.

నేను ముప్ఫయి రెండేళ్ళు హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. నాకు తెలియనిది కూడా ఒకటి ఉంటుందని అప్పటికింకా తెలియదు.

రెండు బల్లచెక్కలు వాల్చి ట్రాక్టరును పైకెక్కించాం. లావుపాటి కొబ్బరి తాడు తెచ్చి, ఈ పక్కనుంచి ఆ పక్కకి బానెట్టు మీదుగా నేనే నాలుగు చుట్లు చుట్టి ముడివేశాను. “ఎనిమిది క్వింటాళ్ళ బరువు! కట్టకపోయినా ఎక్కడికి పోతుంది?” అన్నాను కూడా.

ఇంతలో బావమరిది కొడుకు, పదకొండేళ్ళవాడు, గభాలున ట్రైలరు ఎక్కాడు. ట్రాక్టరు మూతికీ ట్రైలరు ముందు రేకుకీ మధ్య రెండు మూరల జాగా ఉంది. అందులో నిలబడి, “మామయ్యా, నేనిక్కడే వస్తా. గాలి బాగా కొడుతుంది” అన్నాడు. సరేనన్నాను.

మా ఆవిడ ఒప్పుకోలేదు. “ఆ దుమ్మంతా నెత్తిన పోసుకొస్తే మీ అమ్మ నన్నంటుంది. దిగు, నాతో బస్సులో వద్దువుగాని” అని రెక్కపట్టుకు దింపింది. వాడు ఏడుపు మొహం పెట్టాడు. “పిల్లాడి సరదా ఎందుకు చెడగొడతావ్?” అన్నాను నేను. ఆ మాట అన్నందుకు ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను.

వాళ్ళిద్దరూ బస్సెక్కారు. నేనూ బావమరిదీ మోటారు సైకిలు మీద ట్రైలరు వెనకాలే బయల్దేరాం. మనుబోలు ఇంకా రాలేదు. ఒక గేదె రోడ్డుకి అడ్డం వచ్చింది. కుర్రాడు బ్రేకు తొక్కాడు. పెద్ద ట్రాక్టరు ఆగింది. ట్రైలరు ఆగింది. చిన్న ట్రాక్టరు ఆగలేదు.

తాడు ఫట్టున తెగింది. ట్రాక్టరు ముందుకు జారి రేకును ఢీకొట్టింది. దగ్గరికి పరుగెత్తి చూశాం. రెండు మూరల జాగా లేదు. రేకు మూకుడులా లోతుకుపోయింది. ఆ గుంట సరిగ్గా పిల్లాడి నడుం ఎత్తున ఉంది.

బావమరిది నా వంక చూడలేదు. నేనూ అతని వంక చూడలేకపోయాను.

“బస్సు చటుక్కున ఆగినప్పుడు ప్రయాణికులు ముందుకు తూలుదురు, ఎందువలన?” జడత్వం పాఠంలో ఈ ప్రశ్న ఏటా అడిగేవాణ్ణి. ఎంతమంది పిల్లలకు మార్కులు కోశానో! ఆ పూట నాకు సున్నా వచ్చింది.

పక్కనే టీ కొట్టు దగ్గర, కృష్ణపట్నం రేవుకి యంత్రాలు మోసే లారీ ఒకటి ఆగి ఉంది. దాని డ్రైవరు, వయసు మళ్ళినవాడు, గ్లాసు కింద పెట్టి వచ్చి చూశాడు.

“ఎవరు కట్టారు?” అన్నాడు.

“నేనే” అన్నాను.

“బరువు కిందికే ఉంటుందనుకున్నారు. బండి కదిలితే దానికి నాలుగు దిక్కులూ దారే మేష్టారూ” అన్నాడు. నేను మేష్టర్నని ఎలా కనిపెట్టాడో మరి!

ముందుగా ట్రాక్టరును కాస్త వెనక్కి నడిపించి, బరువు ఇరుసుకి కొంచెం ముందు పడేట్టు నిలబెట్టించాడు. ఎద్దుబండి తోలినవాళ్ళకి ఇది తెలిసిందే. వెనక బరువైతే కాడి పైకి లేస్తుంది, ముందు మరీ బరువైతే ఎడ్ల మెడలు విరుగుతాయి. ఇంజను ఆపించి, చిన్న గేరులో వేయించి, హ్యాండు బ్రేకు బిగించాడు. వెనక ఉన్న గొర్రును నేలకి దించి, నాలుగు చక్రాలకీ చెక్కదిమ్మలు అడ్డం పెట్టాడు.

తన లారీలోంచి నాలుగు గొలుసులూ, వాటిని బిగించే మరలూ తెచ్చాడు. ముందు రెండు గొలుసులు ముందు మూలలకీ, వెనక రెండు వెనక మూలలకీ ఏటవాలుగా లాగి కట్టాడు. గొలుసు నిట్టనిలువుగా ఉంటే ముందుకు జారడాన్ని ఆపలేదట. మరీ పడుకున్నట్టుంటే కిందికి అదిమి పట్టలేదట. కొక్కేలు ఇరుసుకీ చట్రానికీ తప్ప స్టీరింగు కడ్డీలకి తగిలించనివ్వలేదు. “టైర్లలో ఉన్నది గాలి. గతుకుల్లో అణుగుతుంది, కట్టు వదులవుతుంది. కాసేపయ్యాక ఆపి మళ్ళీ బిగించండి. పైన మనిషిని మాత్రం ఎక్కించకండి” అన్నాడు. గొలుసులు తిరుగు ప్రయాణంలో ఆ టీ కొట్టులోనే ఇచ్చిపొమ్మన్నాడు. డబ్బివ్వబోతే పుచ్చుకోలేదు.

తర్వాత పుస్తకాలు తిరగేశాను. సామాను కట్టు ముందువైపుకి దాని బరువులో పదింట ఎనిమిది వంతుల తోపును ఆపాలనీ, పక్కలకీ వెనక్కీ సగం బరువును ఆపాలనీ అమెరికా వాళ్ళూ యూరపు వాళ్ళూ కూడా రాసుకున్నారు. అంటే మా ట్రాక్టరుకి ముందువైపు 640 కిలోలు. నేను కట్టింది పాత కొబ్బరి తాడు!

మధ్యలో ఆపి చూస్తే ఒక గొలుసు నిజంగానే వదులైంది. బిగించి బయల్దేరాం. గూడూరు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. మా ఆవిడా పిల్లాడూ ముందే వచ్చేశారు. వాడు ట్రాక్టరు చుట్టూ గంతులేస్తున్నాడు. ఆవిడ ట్రైలరు ముందుకి వచ్చి, సొట్టపడ్డ రేకు మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే నిలబడింది.

“వీడు నిలబడ్డది ఇక్కడే కదూ?” అంది.

అవునన్నాను.

ఆవిడ మరేమీ అనలేదు. పిల్లాణ్ణి దగ్గరికి పిలిచి, నెత్తి మీద దుమ్ము లేకపోయినా దులిపి, అన్నానికి తీసుకుపోయింది.